మోటారు సైకిలు మీద తుపాకి

పాడేరు నుండి అరకులోయకు పోవు మార్గమున హుకుంపేట యున్నది. తూర్పు కనుమలలో సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున గల ఈ మండలము, 2022 ఏప్రిల్ నెలలో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. సంతనాడు ఇచ్చటకు వచ్చు మోటారు సైకిళ్ళను ఒక గంటసేపు చూచినవారికి ఆ బండి మోయలేని వస్తువు లోకమున లేదని తోచును. పసుపు బస్తాలు, అడ్డాకుల కట్టలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, మేకపిల్లలు, ఇంటి కప్పునకు కావలసిన రేకులు, అన్నియు దానిమీదనే కొండ ఎక్కును, దానిమీదనే దిగును. వీటిలో దేనికిని లేని చిక్కు ఒక్క వస్తువునకు కలదు. అది తుపాకి.

ఈ కొండలకు తుపాకి క్రొత్తది కాదు. పోడు చేలను అడవిపందుల నుండి కాచుకొనుటకును, చైత్రమాసపు ఇటుకల పండుగ వేటకును విల్లంబులతోపాటు నాటు తుపాకి చాలకాలము వాడుకలో నుండినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేట నిషిద్ధమైనది. లైసెన్సు లేని తుపాకిని ఉంచుకొనుట 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము నేరము. అయినను పాత తుపాకులు అన్నియు మాయమైపోలేదు. వాటిని తమంతట తాము తెచ్చి అప్పగింపుడని ఏజెన్సీ గ్రామములలో పోలీసులు పలుమారులు కోరియున్నారు.

ఇక రెండవ రకపు తుపాకి క్రీడకు సంబంధించినది. కళాశాలలలో ఎన్.సి.సి. విద్యార్థులు 0.22 అంగుళపు రైఫిలుతో గురి నేర్చుకొందురు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో కాంస్యపతకము గెలుచుట, అదే నగరపు బాలిక ఈషా సింగ్ 13 ఏండ్ల వయస్సున 2018లో జాతీయ పోటీలలో పెద్దలను ఓడించుట చూచి, గురి క్రీడపై మనసుపడిన యువకులు మన జిల్లాలలో పలువురున్నారు. గురి నేర్చుటకు రేంజికి పోవలెను. పోవుటకు ఎక్కువమందికి ఉన్నది మోటారు సైకిలే. హుకుంపేట వంటి చోటినుండి మైదానమునకు దిగవలెనన్న మలుపుల ఘాట్ రోడ్డున పోవలెను.

బండి మీద పోవునపుడు తుపాకి, ఎవరును ట్రిగ్గరు నొక్కకుండ, తనంత తానే పేలునా? పేలును. ఎట్లు పేలునో తెలిసినచో ఎట్లు పేలకుండ చేయవచ్చునో గూడ తెలియును.

ముందుగా నాటు తుపాకిని చూతము. దీనికి తూటా లేదు. నాళము మూతినుండి మందు పోసి, పైన గుడ్డపీలికయో నారయో పెట్టి, గుళ్ళు వేసి, ఇనుప చువ్వతో కూరుదురు. నాళము మొదట ఒక చిన్న ఇనుప మొన ఉండును. దానికి సన్నని రంధ్రము. ఆ మొనమీద రాగి కేపు తొడుగుదురు. స్ప్రింగు బలముతో సుత్తి వచ్చి కేపును కొట్టగా అందలి మందు మండి, ఆ నిప్పు రంధ్రముగుండ లోనికి పోయి కూరిన మందు నంటించును. దెబ్బకు మండు ఈ పదార్థములను తుపాకికి మొదట ఉపయోగించినవాడు అలెగ్జాండర్ ఫోర్సిత్ అను స్కాట్లండు మతాచార్యుడు. 1807లో ఆయన పేటెంటు పొందెను. అంతకుముందు తుపాకి పేలవలెనన్న చెకుముకిరాయి నిప్పురవ్వ రాలవలెను, లేక మండుచున్న వత్తి తగులవలెను. వాన కురిసినచో రెండును దండుగ. ఫోర్సిత్ పద్ధతితో వాన బాధ తీరినది గాని, దెబ్బ తగిలిన చాలును పేలునను క్రొత్త గుణము తుపాకికి వచ్చినది. మన ప్రశ్నకు మూలమంతయు ఈ గుణమునందే యున్నది.

నాటు తుపాకితో మరియొక కష్టము కలదు. ఒకసారి కూరిన తరువాత దానిని ఖాళీ చేయుటకు సులభమైన దారి లేదు. పేల్చవలెను, లేదా మరచుట్టు మొన గల చువ్వతో లోపలి సరుకును జాగ్రత్తగా పైకి లాగవలెను. రెండవ పని తెలిసినవారు కొద్దిమంది. అందుచేత రాత్రి మంచెమీద కూరిన తుపాకి, పంది రాకపోయినచో, తెల్లవారి కూరినది కూరినట్లే ఇల్లు చేరును. బండి వెనుక కూర్చున్నవాని భుజమున వ్రేలాడునపుడు దాని మూతి ముందున్నవాని తలవైపైనను ఉండును, ఎదురుగా వచ్చువాని రొమ్మువైపైనను ఉండును. "కేపు తీసివేసితిమి గదా, భయమేమి?" అని చాలమంది అనుకొందురు. కేపు తీసినపుడు అందలి మందు పెచ్చు ఒకటి మొనమీద అంటుకొని మిగిలిపోవచ్చును; సుత్తి దానిమీద పడినచో కేపు ఉన్నట్లే. సుత్తిని సగము ఎత్తి మొదటి గాడిలో నిలుపుట మరికొందరి ఉపాయము. ఆ గాడి సన్నని ఇనుప పెదవి. మెత్తని ఇనుముతో ఊరిలో చేసిన తుపాకిలో అది కొన్నాళ్ళకే అరిగిపోవును. తుపాకి క్రిందపడినచో విరిగిపోవును. సుత్తిని పూర్తిగా దించి కేపుమీద ఆనించి యుంచుట అన్నిటికంటె చెడ్డది. అప్పుడు సుత్తి వీపున తగిలిన ఏ దెబ్బయైనను నేరుగా కేపునకే చేరును.

కార్ఖానాలలో తయారైన తుపాకులలో ఈ భయము తక్కువయే, కాని లేకపోలేదు. ఎంత తక్కువయో లెక్క చూచుట మంచిది. తూటా అడుగున ప్రైమరు అను చిన్న లోహపు గిన్నె యుండును. పేల్చు సూది దానిని కొట్టగా తూటా పేలును. సైనిక రైఫిలు తూటాల ప్రైమర్లు తప్పక పేలుటకు పెట్టుకొనిన హద్దు సుమారు 0.34 జౌలు. అందులో నాలుగవ వంతునకు, అనగా 0.085 జౌలునకు లోబడిన దెబ్బకు అవి పేలరాదు. 0.34 జౌలు అన ఎంత? నూరు గ్రాముల జామకాయ జానెడున్నర ఎత్తునుండి పడినపుడు దానికి వచ్చు గతిశక్తి అంతయే. తూటాను పేల్చుటకు కావలసినది పెద్ద బలము కాదు. ఆ కొద్ది శక్తి సూదిమొనయంత చోట, తగిన చోట పడుట కావలెను.

ఇప్పుడు బండిని చూతము. గంటకు 40 కిలోమీటర్ల వేగము ఘాట్ రోడ్డుమీద సామాన్యము. అది సెకనుకు 11.1 మీటర్లు. స్వేచ్ఛగా పడు వస్తువు అంత వేగము పొందవలెనన్న 6.3 మీటర్ల ఎత్తునుండి పడవలెను. కనుక 40 కిలోమీటర్ల వేగమున పోవుచున్న బండిమీదనుండి ఎగిరి రాతికి ఎదురుగా తగిలిన తుపాకి, రెండంతస్తుల మేడమీదనుండి జారవిడిచిన తుపాకితో సమానము. 60 కిలోమీటర్లకు ఆ ఎత్తు 14.2 మీటర్లగును. వేగము ఒకటిన్నర రెట్లు పెరిగినపుడు ఎత్తు రెండు రెట్లకు మించి పెరిగినదని చదువరులు గమనింతురు గాక. శక్తి వేగపు వర్గమును అనుసరించుట దీనికి కారణము.

తుపాకి మూతి ముందుగా రాతికి తగిలి ఆగినదనుకొందము. తుపాకి ఆగును గాని లోపల వదులుగా నున్న పేల్చు సూది ఆగదు. బస్సు హఠాత్తుగా ఆగినపుడు నిలుచున్నవారు ముందునకు తూలినట్లు, జడత్వముచేత సూది ముందునకే సాగిపోవును. సూది బరువు 5 గ్రాములైనచో, సెకనుకు 11.1 మీటర్ల వేగమున దాని గతిశక్తి 0.31 జౌలు. ప్రైమరును తప్పక పేల్చు హద్దునకు ఇది ఇంచుమించు సమానము. 60 కిలోమీటర్లకు ఆ శక్తి 0.69 జౌలు, హద్దునకు రెండింతలు. అదే తుపాకి నిలుచున్న మనిషి చేతినుండి, ఒకటిన్నర మీటర్ల ఎత్తునుండి పడినచో సూదికి వచ్చునది 0.073 జౌలు మాత్రమే. పేలరాదను హద్దునకు కొంచెము లోపలనే. నేలమీద నడచువానిచేతి నుండి జారి పేలని తుపాకి బండిమీదివానికి పేలుటలో వింత యేమియు లేదు. చాల తుపాకులలో సూదిని వెనుకకు పట్టియుంచు చిన్న స్ప్రింగు ఉండును, తగులు కోణమును బట్టి దెబ్బ తగ్గును. అయినను ఎటు తగులునో ముందుగా ఎవరు నిర్ణయింపగలరు?

ఇది కాగితము మీది లెక్క మాత్రమే కాదు. 1960 దశకమున అమెరికా సైన్యమునకు క్రొత్తగా వచ్చిన ఎం-16 రైఫిలులో, తూటా ఎక్కించుటకై బోల్టు ముందునకు దూకి ఆగునపుడు వదులు సూది ప్రైమరును తాకి, ట్రిగ్గరు నొక్కకయే పేలిన సందర్భములు కలిగినవి. సూది బరువు తగ్గించుటతో ఆ లోపము సరిచేసిరి. 2017లో ఆ దేశముననే ఒక ప్రసిద్ధమైన పిస్తోలు ఒక ప్రత్యేక కోణమున నేలకు తగిలినచో పేలుచున్నదని తేలినది. అక్కడ దోషము సూదిది కాదు, ట్రిగ్గరుది. పిస్తోలు ఆగినను ట్రిగ్గరు తన బరువుచేత తానే వెనుకకు కదలి, వ్రేలు నొక్కినట్లే పనిచేసెను. తేలిక ట్రిగ్గరును అమర్చి సవరించిరి. ఎంతో పరీక్ష చేసి అమ్మిన ఆయుధములకే ఇట్లుండగా, పది చేతులు మారిన పాత రైఫిలు సంగతి చెప్పనేల?

"సేఫ్టీ వేసితిని" అను మాట తుపాకి వాడువారి నోట తరచు వినవచ్చును. పెక్కు తుపాకులలో సేఫ్టీ చేయుపని ట్రిగ్గరు కదలకుండ అడ్డుపడుటయే. సుత్తిని గాని సూదిని గాని పట్టియున్నది వేరొక చిన్న కొక్కెము. ఆ కొక్కెము అరిగినను, దుమ్ము పట్టి సరిగా కూర్చొనకున్నను, దెబ్బకు జారినను సేఫ్టీ ఏమియు చేయలేదు. ఘాట్ రోడ్డు గతుకులు కొక్కెమునకు మంచి పరీక్షలు. సేఫ్టీని నమ్ముకొని తూటా లోపల ఉంచుట, తాళము బాగున్నదని పులిబోను వాకిట పసిపిల్లను కూర్చుండబెట్టుట వంటిది.

తుపాకి పేలుటకు వరుసగా కొన్ని వస్తువులు కలియవలెను. తూటా ఉండవలెను, అది నాళపు మొదట తన గదిలో ఉండవలెను, దాని వెనుక సూది ఉండవలెను, సూదికి దెబ్బ ఉండవలెను. ఘాట్ రోడ్డు మీద దెబ్బను మనము ఆపలేము. తక్కిన మూడును మన చేతిలోనివి. కనుక ప్రయాణమునకు ముందు తుపాకిని తుపాకి కాకుండ చేయవలెను. బోల్టు రైఫిలునకు ఇది అతి సులభము. తూటాలు తీసి, గది ఖాళీ యని కంటితో చూచి, చిటికెనవ్రేలితో తడిమి, బోల్టునే ఊడదీసి వేరు సంచిలో పెట్టినచో మిగిలినది కఱ్ఱ తొడిగిన ఇనుప గొట్టము. దానిని ఎంత ఎత్తునుండి పారవేసినను పేలుటకు అందు ఏమియు లేదు. కొట్టుటకు సూదియు లేదు. మధ్యకు విరుచు రెండు నాళముల తుపాకి మూడు భాగములుగా ఊడివచ్చును. పొట్టిదై పెట్టెలో ఇముడును. పిస్తోలు విషయమున వరుస తప్పరాదు. ముందు తూటాల మేగజీను తీయవలెను, ఆ తరువాతనే గదిలోని తూటాను తీయవలెను. ముందు గది ఖాళీ చేసి, పిదప మేగజీను తీసినవాడు తెలియకయే మరియొక తూటాను గదిలోనికి పంపియుండును. చేతిలో మేగజీను కనబడుచుండుటచే పిస్తోలు ఖాళీ యని నమ్మును. తుపాకి ప్రమాదములలో ఈ పొరపాటు మిక్కిలి పాతది.

నాటు తుపాకిని ఇట్లు భాగములు చేయలేము. లైసెన్సు కలిగి పంట కాపాడుటకు ఉంచుకొన్నవారు దానిని తెలిసినవారిచేత చేనివద్దనే పూర్తిగా ఖాళీ చేయించి, ఇనుప చువ్వ నాళములో అడుగుదాక దిగుచున్నదో లేదో కొలిచి చూచిన పిమ్మటనే కదలింపవలెను. చువ్వ వేళ్ళ మందము పైననే ఆగినచో లోపల సరుకున్నట్లే. లైసెన్సు లేనివారు అప్పగింపదలచినను, కూరిన తుపాకిని బండిమీద పోలీసు ఠాణాకు మోసికొని పోవుట ప్రమాదకరము. ఉన్నచోటనే ఉంచి కబురు చేయుటయు, అందు మందు కూరియున్నదని ముందుగా చెప్పుటయు మేలు. పదేండ్లు చూరున పడియున్న తుపాకిని ఖాళీదని నమ్ముట ఇంకను చెడ్డది. నల్లమందు తడిసినను, ఆరిన తరువాత మరల మండగలదు.

బండిమీద తుపాకిని ఎక్కడ కట్టవలెనను ప్రశ్నకు యుద్ధకాలపు చిత్రములు చూచినవారు వెంటనే జవాబు చెప్పుదురు. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యము వాడిన హార్లే-డేవిడ్‌సన్ బండ్లకు ముందుచక్రపు చట్టము ప్రక్కన తోలు ఒర యొకటి యుండెను. అందు థాంప్సన్ తుపాకి నిలువుగా దిగియుండెను. చూపునకు అది ముచ్చటగానే యుండును. కాని దిగిన మరుక్షణము కాల్చవలసిన సైనికుని అవసరము వేరు. రేంజికి పోవువానికి త్వరయే లేదు. దారిలో తుపాకి వెంటనే చేతికి అందకుండుటయే అతనికి కావలసినది.

వీపున తగిలించుకొనుట మన ప్రాంతమున సామాన్యమైన పద్ధతి. దీనియందు పేలుడుతో సంబంధము లేని రెండు ప్రమాదములున్నవి. పడినపుడు వీపునకును రోడ్డునకును మధ్య నాలుగైదు కిలోల ఇనుము వెన్నెముక వెంబడి నిలుచును; శిరస్త్రాణము తలను కాచునేమో గాని వెన్నెముకను కాచునది లేదు. రెండవది మలుపుల వలన వచ్చును. 15 మీటర్ల వ్యాసార్ధము గల మలుపులో గంటకు 30 కిలోమీటర్ల వేగమున తిరుగుటకు బండి సుమారు 25 డిగ్రీలు లోపలికి వంగవలెను. నేలకు 1.3 మీటర్ల ఎత్తున నున్న భుజము అప్పుడు అర మీటరునకు పైగా లోపలికి జరుగును. భుజముమీద అడ్డముగా తుపాకి ఉన్నచో దాని కొన ఇంకొక అర మీటరు ముందుగా పోవును. ఘాట్ మలుపులో లోపలివైపున ఉండునది కొండను తొలిచిన రాతిగోడ, లేక ఎదురువచ్చు లారీ. కొన తగిలిన క్షణమున తుపాకి గడకఱ్ఱవలె మనిషిని మెలిత్రిప్పి బండినుండి లాగివేయును.

వీలైనంత పొట్టిగా విప్పి, గట్టి పెట్టెలో మెత్తగా సర్ది, పెట్టెను వెనుక క్యారియరు మీద, బండి పొడవునకు సరిగా, తక్కువ ఎత్తున, కనీసము రెండు పట్టాలతో బిగించుట మంచి పద్ధతి. రబ్బరు త్రాడు ఒక్కటి చాలదు. గతుకున సాగి పెట్టెను ఎగురవేయును. బరువు వెనుక చక్రపు ఇరుసునకు మరీ వెనుకగా పోయినచో ఎక్కుడు దారిలో ముందుచక్రము తేలికయగును. సైకిలు వెనుక బియ్యపు మూట కట్టి మెట్ట ఎక్కినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు.

మెత్తగా సర్దుట అలంకారము కాదు. ఒక సిలిండరు ఇంజను నిముషమునకు 4,800 మారులు తిరుగుచుండగా బండి సెకనుకు 80 మారులు అదరును. అదురు మిల్లీమీటరులో పదవవంతు మాత్రమే యైనను, అంత పౌనఃపున్యమున దాని త్వరణము సెకను వర్గమునకు 25 మీటర్లకు చేరును. గురుత్వ త్వరణమునకు ఇది రెండున్నర రెట్లు. గంట ప్రయాణములో ఇట్టి అదుర్లు 2,88,000. స్క్రూలు వదులగుటకు ఇంతకంటె మంచి సాధనము లేదు. అడ్డముగా వచ్చు అదురు, బిగువుగానున్న మరలను గూడ త్రిప్పి వదలించునని 1969లో జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ ప్రయోగపూర్వకముగా చూపెను. తుపాకిలో మొదట కదలునవి గురిచూపు స్క్రూలు. ఎయిర్ రైఫిలులో వెనుక గురిచూపునకును ముందు గురిచూపునకును మధ్య దూరము సుమారు 75 సెంటీమీటర్లనుకొందము. వెనుకది మిల్లీమీటరులో పదవవంతు జరిగినచో 10 మీటర్ల దూరమున దెబ్బ 1.33 మిల్లీమీటర్లు ప్రక్కకు పోవును. 10 మీటర్ల ఎయిర్ రైఫిలు లక్ష్యమున పదిమార్కుల చుక్క వెడల్పు 0.5 మిల్లీమీటరు. ఘాట్ దిగివచ్చి, గురిచూపు సరిచూడకయే పోటీలో నిలుచున్న కుఱ్ఱవాడు తన చేతిని నిందించుకొనుచుండును, దోషము దారిది. మందపు స్పంజిగాని, దొరకనపుడు మడిచిన కంబళిగాని అదురును చాలవరకు మ్రింగును. పెట్టెలో తుపాకి గలగలలాడుచుండుట అన్నిటికంటె చెడ్డది.

తూటాలను వేరుగా, మూతగల పెట్టెలో, రెండవ సంచిలో పెట్టవలెను. ఇంజనునకును, పొగగొట్టమునకును దగ్గరగా నున్న సంచి పనికిరాదు. పొగలేని మందు సుమారు 170 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర మండిపోవును. ఎక్కుడు దారిలో పొగగొట్టపు వేడి దీనిని దాటగలదు. నాళము వెలుపల వేడికి పేలిన తూటా నాళమునుండి వచ్చినంత వేగముగా గుండును విసరలేదు. ఇత్తడి తొడుగు పగిలి ముక్కలు చెదరును. ఇత్తడి ముక్క కంటిలో పడినను చాలును గదా. విడి నల్లమందు సంగతి ఇంకొకటి. నిప్పురవ్వకే అంటుకొను ఆ పొడిని బండిమీద పెట్టుకొని తిరుగుటకు భద్రమైన పద్ధతి లేదు.

కొండప్రాంతమునకే చెందిన మరియొక చిక్కు మంచు తేమ. చలికాలపు వేకువను 10 డిగ్రీల చలిలో బయలుదేరిన ఇనుము పెట్టెలో చల్లగానే యుండును. మైదానపు తడిగాలిలో పెట్టె తెరచినచో, మంచినీటి చల్లని చెంబుమీద పట్టినట్లు దానిమీద చెమట పట్టును. నాళములోపల గూడ పట్టును. మూత తీయక పెట్టెను ఒక గంట నీడలో ఉంచి, ఇనుము బయటి వేడికి వచ్చిన తరువాత తెరచుట సులభమైన ఉపాయము. దారిలో బండి పడియుండినచో నాళములోనికి వెలుతురు చూడక తూటా పెట్టరాదు. మూతిలో ఇరుకుకొన్న బురదగడ్డ చాలును, నాళము ఉబ్బి పగులుటకు. ఇంటిలో చాలనాళ్ళు నిలిపిన తుపాకి మూతిలో మట్టిగూడు కట్టు కందిరీగ కాపురము పెట్టియుండుట గూడ కలదు.

1962 నాటి నిబంధనల స్థానమున వచ్చిన 2016 ఆయుధ నిబంధనలు బహిరంగ స్థలమున తుపాకి కనబడకుండ ఒరలోనో సంచిలోనో కప్పియుండవలెనని చెప్పుచున్నవి. 0.177 అంగుళమునకు మించని నాళము, 20 జౌళ్ళకు మించని శక్తి గల ఎయిర్ రైఫిలునకు లైసెన్సు అక్కరలేదు. అయినను దానిని గూడ కప్పి తీసికొనిపోవుటయే తగును. దూరమునుండి చూచువానికి ఎయిర్ రైఫిలునకును వేటతుపాకికిని భేదము తెలియదు. ఈ కొండలలో భుజమున తుపాకితో బండిమీద పోవువానిని చూచి పోలీసులేమి తలంతురో, గ్రామస్థులేమి తలంతురో ఎవరైనను ఊహింపవచ్చును. ఘాట్ మీద టీ కొట్టువద్ద బండి నిలిపినపుడు పెట్టెను బండికి వదలి పోరాదు.

తుపాకిని, తూటాలను వేరువేరుగా నుంచుటకు ప్రమాదభయమే గాక దొంగభయము గూడ కారణము. ఈ కొండల చరిత్రలోనే దీనికి ఉదాహరణమున్నది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళము చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడిచేసి 26 తుపాకులను, 2,500 దాకా తూటాలను తీసికొనిపోయెను. సీతారామరాజు స్వాతంత్ర్యము కొరకు పోరాడినవాడు గనుక ఆ సంగతి మనకు గర్వకారణమే. కాని ఆయుధములను రక్షింపవలసినవాని దృష్టితో చూచినచో, తుపాకియు తూటాయు ఒకచోటనే దొరికినపుడు తీసికొన్నవాని పని ఎంత సులభమగునో దానివలన తెలియుచున్నది. బోల్టు ఒక సంచిలో, తుపాకి ఒక పెట్టెలో, తూటాలు వేరొకచోట ఉన్నచో, ఏ ఒక్కటి పోయినను పోయినది ఆయుధము కాదు.

రేంజి చేరిన పిమ్మట పెట్టెను బండివద్ద తెరువరాదు. దానిని మూసియున్నట్లే కాల్చు గట్టుదాక మోసికొనిపోయి, మూతి లక్ష్యమువైపు ఉండునట్లు బల్లమీద ఉంచి, అధికారి అనుజ్ఞయైన తరువాత తెరువవలెను. అంతర్జాతీయ పోటీలలో ప్రతి తుపాకి గదిలోను రంగుల ప్లాస్టిక్ త్రాడు వంటిది ఒకటి దూర్చి యుంచుదురు. దూరమునుండి చూచువారికి గూడ గది ఖాళీ యని అది తెలుపును. రైఫిలునకు బోల్టు తొడిగి, గురిచూపు స్క్రూలు తడిమి చూచి, నాళములోనికి వెలుతురు చూచి, ఆ త్రాడు దూర్చి, అప్పుడు గదా కుఱ్ఱవాడు తన వంతుకై వెనుక గీత దగ్గర నిలుచుండును. తూటాల పెట్టె ఇంకను సంచిలోనే యుండును.